ఊరు విడిచిన జముకు.. నగరంలో నిలిచేదెలా?

పలాస: రాత్రంతా కథ చెప్పి, తెల్లవారగానే ధాన్యం మూట కట్టుకుని పక్క ఊరికి పయనమవడం ఒకప్పుడు ఉత్తరాంధ్ర జానపద కళాకారుల దినచర్య. పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల నుంచి విశాఖపట్నం, హైదరాబాద్‌లకు సాగుతున్న వలసల్లో ఈ కళాకారుల కుటుంబాలూ ఉన్నాయి. కూలి పనికి వెళ్లిన వ్యక్తి నగరంలో పని వెతుక్కుంటే సరిపోతుంది. కథకుడు మాత్రం పనితోపాటు తన కథ వినేవారినీ వెతుక్కోవాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

జముకు అంటే..

జముకు ఒకవైపు తోలు బిగించిన గుల్ల వాద్యం. తోలు మధ్యనుంచి తీసిన తంతి కొసను చిన్న కర్రముక్కకు కడతారు. గుల్లను చంకలో ఇరికించుకుని ఒక చేత్తో తంతిని లాగిపట్టి, మరో చేత్తో మీటుతారు. బిగువు పెరిగితే స్వరం హెచ్చుతుంది, సడలిస్తే తగ్గుతుంది. తాళం, శ్రుతి రెండూ ఈ ఒక్క తంతిలోనే పలుకుతాయి. ప్రధాన కథకుడు గజ్జెలు కట్టి ఆడుతూ కథ నడిపిస్తే, పక్కవారు వంత పాడుతూ హాస్యం పండిస్తారు. గ్రామదేవతల కథలు, వీరగాథలు ఇందులో ప్రధానం. చేతిలో ఇమిడే వాద్యం, ముగ్గురు మనుషులు ఉంటే చాలు. ఊరూరా తిరిగే జీవనానికి అనువుగా రూపుదిద్దుకున్న కళ ఇది.

ఆదరించిన చేయి చితికింది

ఈ కళకు తీర్థాలు, అమ్మవారి సంబరాలే పెట్టుబడి. పంట చేతికొచ్చాక రైతు బయానా ఇచ్చి కథ చెప్పించుకునేవాడు. ఉద్దానంలో ఆ రైతుకు ఆధారం కొబ్బరి, జీడిమామిడి, పనస. 2013 అక్టోబరులో పై-లిన్ తుపాను ఈ తోటలను దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఏళ్ల తరబడి పెంచుకున్న చెట్లను నేలకూల్చింది. దీనికితోడు మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను వైద్య ఖర్చులతో కుంగదీసింది. ఈ వ్యాధికి పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేక ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రైతు చేయి చితికినప్పుడు ముందుగా ఆగిపోయేది వేడుక ఖర్చే. యువకులు ఊరు విడిచాక వినేవారూ తగ్గారు. అంతకుముందే టీవీ, ఆర్కెస్ట్రా బృందాలు సంబరాల్లో చోటు సంపాదించాయి. కళాకారుడి వలసకు ఇవన్నీ కలిసి కారణమయ్యాయి.

రాత్రి కథకు నిమిషాల గడువు

నగరంలో మొదట మారేది సమయం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు అనుమతి లేకుండా మైకు వాడరాదు. జముకుల కథ ఊపందుకునే వేళ అదే. పగటి వేదికపై దక్కేవి కొద్ది నిమిషాలే కావడంతో కథ పోయి పాట మిగులుతుంది. సిక్కోలు యాస, ఊరి సామెతలు తెలియని శ్రోతల ముందు హాస్యమూ పలచబడుతుంది. ఏడాది పొడవునా కార్యక్రమాలు దొరకవు కాబట్టి, పగలు భవన నిర్మాణ పనికో, అపార్టుమెంటు కాపలాకో వెళ్లక తప్పదు. సెలవు దొరికితేనే సాధన, బృందంలోని ముగ్గురికీ ఒకేరోజు సెలవు దొరికితేనే ప్రదర్శన!

దారి చూపినవారు

కొత్తచోట నిలదొక్కుకున్న కళాకారులు ఈ ప్రాంత చరిత్రలో లేకపోలేదు. ఒడియా కుటుంబానికి చెందిన సుబ్బారావు పాణిగ్రాహి ఉద్దానంలోని బొడ్డపాడులో ఆలయ పూజారిగా ఉంటూ, స్థానికులకు ప్రీతిపాత్రమైన జముకుల కథను స్వీకరించారు. రైతుకూలీల బాధలను అందులో పలికించారు. శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటంలో పాల్గొని 1969 డిసెంబరులో ప్రాణాలు కోల్పోయారు. ఆయన రాజకీయాలపై అభిప్రాయభేదాలు ఉండవచ్చు గానీ, కొత్తచోట జనం చెవికి అలవాటైన రూపాన్నే ఎంచుకోవడం ఆయన బలమైంది.

వంగపండు ప్రసాదరావు నడిచిన దారి మరొకటి. పార్వతీపురం సమీపంలోని పెదబొండపల్లిలో 1943లో జన్మించిన ఆయన విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. నగరానికి వచ్చినా యాసను వదల్లేదు. పొలం పాటల బాణీలోనే యంత్రాన్ని, కార్మికుడి చెమటను వర్ణించారు. జననాట్యమండలి ద్వారా ఆ పాటలు రాష్ట్రమంతా చుట్టాయి. 2020 ఆగస్టు 4న మరణించే నాటికి వందల పాటలు రాసిన కవిగా నిలిచారు. ఆయన అనుభవంలో గమనించదగ్గ అంశాలు రెండు. నెల జీతం ఇల్లు నిలిపింది. పక్కన పనిచేసే కార్మికులే శ్రోతలై పాటను నిలిపారు.

ఇప్పుడున్న అవకాశాలు

2020లో విడుదలైన 'పలాస 1978' చిత్రం ఇక్కడి జానపద కళాకారుల కుటుంబం చుట్టూ అల్లుకున్న కథే. అందులోని ఉత్తరాంధ్ర బాణీ పాట సెల్‌ఫోన్ల ద్వారా ఊరూవాడా మోగింది. శ్రోతలు లేరన్న మాట పూర్తి నిజం కాదనడానికి ఇదొక నిదర్శనం. అయితే పాటకు వచ్చిన పేరు దాన్ని తరతరాలుగా కాపాడిన గొంతులకు బత్తెంగా మారడం లేదు.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంలో స్వరపరీక్షలో నెగ్గితే కార్యక్రమాలకు పారితోషికం లభిస్తుంది. 60 ఏళ్లు దాటిన, తక్కువ ఆదాయం గల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఆర్థిక సహాయ పథకం అమల్లో ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 జులై నుంచి డప్పు కళాకారులకు నెలకు రూ.4 వేల పింఛను ఇస్తోంది. ఈ వర్గం పేరులో డప్పుకే చోటు దక్కింది, జముకుకు దక్కలేదు. పైగా పింఛను నెల మొదట్లో ఊరిలోని ఇంటివద్దే పంపిణీ చేస్తారు. విశాఖలో ఉండే వృద్ధ కళాకారుడు దాని కోసం సుమారు 180 కిలోమీటర్లు ప్రయాణించి పలాస చేరాలి. రేషన్ సరకులు మాత్రం కార్డు ఎక్కడిదైనా నివసించే చోటే తీసుకునే వీలుంది.

నగరంలో స్థిరపడాలంటే గూడు, కూడుతోపాటు నెలకోసారైనా పూర్తి కథ చెప్పుకునే చోటు కళాకారుడికి అవసరం. విశాఖలోని ఉత్తరాంధ్ర వలస కుటుంబాల సంఘాలు తమ పండగలకు ఒక్క సాయంత్రం కేటాయించినా ఆ చోటు దొరుకుతుంది. పాట ఫోనులో దాచుకోవచ్చు. శ్రోత ముఖం చూసి మలుపు తిప్పే కథను మాత్రం గురువు పక్కన కూర్చుని వంత పాడుతూనే నేర్చుకోవాలి. వలస వచ్చిన ఇంటి పిల్లల్లో ఒక్కరు ఆ వంత అందుకున్నా జముకు నగరంలోనూ మోగుతుంది.