ఊళ్ళకు పేర్లు ఎలా వచ్చినవి?

గుంటూరు బస్సుస్టాండులో ఒక కుర్రవాడు బస్సు ముందు రాసి ఉన్న ఊరిపేరు చదివి పకపకా నవ్వాడు. "తాతయ్యా! ఎవరైనా తమ ఊరికి 'పాడు' అని పేరు పెట్టుకుంటారా? ప్రత్తిపాడట!" అన్నాడు.

తాత నవ్వలేదు. "పాడయింది ఊరు కాదురా, మన జ్ఞాపకం. పాతమాటలు మనమే మరిచిపోయాం," అన్నాడు.

తాత చెప్పినది నిజం. ఈ రోజుల్లో 'పాడు' అంటే చెడిపోయినది అనుకుంటున్నాం. కాని ఊళ్ళ పేర్ల చివర వచ్చే 'పాడు'కు జనం కాపురముండే చోటు అని అర్థం. ప్రత్తిపాడు అంటే పత్తి ఊరు. పత్తిని పూర్వం ప్రత్తి అనేవారు. ఆ ఊరి చుట్టూ ఉన్నది నల్లరేగడి భూమి. వాననీటిని కడుపులో దాచుకుని, పైన ఎండి నెర్రెలు విచ్చినా లోపల వేళ్ళకు తేమ అందించే ఆ నేల పత్తికి పెట్టింది పేరు. ఆ ప్రాంతంలోనే ఎడ్లపాడు అని మరొక ఊరున్నది. రేగడి దున్నాలంటే మంచి ఎడ్లు కావాలి మరి!

పిల్లలూ, ఊరికి మొదట పేరు పెట్టినవాళ్ళు ఎవరో మనకు తెలియదు. వాళ్ళు పుస్తకాలు రాయలేదు. అయినా ఆనాడు అక్కడ ఏమున్నదో ఒక్క మాటలో చెప్పి వెళ్ళారు. ఆ మాట చదవటం నేర్చుకుంటే ఊరి పుట్టుక కొంత మనకు తెలిసిపోతుంది. ఇందుకు వ్యవసాయానికి పేరుపడిన పాత గుంటూరు జిల్లాను తీసుకుందాం. 1904లో ఏర్పడిన ఈ జిల్లాను 2022లో విభజించారు. ఇప్పుడా ఊళ్ళు గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలలో ఉన్నవి. తూర్పున కృష్ణ కాలువల కింద వరిపొలాలు, మధ్యన నల్లరేగడి, పడమట పల్నాటి రాతినేల. పేర్లు చదవటం నేర్చుకోవటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఊరిపేరును చెరుకుగడలాగా కణుపు దగ్గర విరవాలి. అప్పుడు రెండు ముక్కలు వస్తాయి. చివరి ముక్క అది ఎటువంటి చోటో చెపుతుంది. మొదటి ముక్క దాని గుర్తు చెపుతుంది.

ముందు చివరి ముక్కలు చూద్దాం. ఊరు, పల్లె, పురం మీకు తెలిసినవే. 'ప్రోలు' అన్నా పట్టణమే; భట్టిప్రోలులో ఉన్నది అదే. 'వీడు' అన్నా పట్టణమే. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు రాజధాని చేసుకున్న కొండవీడు అంటే కొండమీది పట్టణమన్నమాట. 'పట్నం' అని తీరంలో వినిపిస్తే అది తరచు ఓడలు ఆగే రేవు. 'పాలెం' అంటే మొదట దండు విడిసిన చోటు. తరువాత తరువాత చిన్న పల్లెకు ఆ మాట వాడారు. పొలం ఊరికి దూరమైనప్పుడు రైతులు చేలదగ్గరే పాకలు వేసుకునేవారు. నాలుగు పాకలు పదయ్యేవి, పది ముప్ఫై అయ్యేవి. అవి ఎవరి పాకలైతే వారి పేరే ఆ పల్లెకు వచ్చేది. బాపట్ల వైపున ఉన్న పిట్టలవానిపాలెం వంటి పేర్లలో 'వాని' అనే మాట చూడండి. ఎవరిదో ఒక ఇంటివారి గుర్తు అది.

ఇక 'చర్ల' అనే ముక్క. చెరువు అనే మాటే జనం నోట నలిగి చర్ల అయింది. పల్నాడులో రొంపిచర్ల అనే ఊరున్నది. రొంపి అంటే బురద. ఇంకేం, కాలు పెడితే దిగబడే చెరువు ఒకటి మీ కళ్ళకు కట్టలేదూ? గుంటూరు కూడా నీటిపేరే. గుంట ఉన్న ఊరు గుంటూరు. సంస్కృతంలో శాసనాలు రాసిన పండితులు దానిని గర్తపురి అన్నారు. గర్తమంటే గొయ్యి. పేరు సంస్కృతమయింది గాని గుంట మాత్రం పూడలేదు!

ఇప్పుడు మొదటి ముక్కలు. తాడేపల్లిలో తాడిచెట్లు, వెలగపూడిలో వెలగచెట్లు, వేమూరులో వేపచెట్లు, మేడికొండూరులో మేడిచెట్లు ఉన్నవి. వేము అన్నా వేపే. చెరుకుపల్లిలో, వట్టిచెరుకూరులో చెరుకు ఉన్నది. పడమటికి పోయినకొద్దీ చెట్లతోపాటు రాళ్ళు, కొండలు కూడా పేర్లలోకి వస్తాయి: బెల్లంకొండ, వినుకొండ, పిడుగురాళ్ళ. పిడుగురాళ్ళ సున్నపురాతికి ప్రసిద్ధి. అక్కడ రాతిని బట్టీలలో కాల్చి సున్నం తీస్తారు. ఒకే పేరు రెండు ఊళ్ళకు వస్తే పోస్టుమాను తికమకపడకుండా పెద, చిన అని తగిలిస్తారు. పెదకాకాని, చినకాకాని అలాగే విడివడినవి.

అయితే ఒక జాగ్రత్త. పేరులో కనిపించిన మాటను చూడగానే అర్థం తెలిసిపోయిందని తొందరపడకూడదు. నేలను చూడాలి, శాసనం దొరికితే చదవాలి. చేబ్రోలు సంగతి వినండి. పూర్వం రాగిని చెంబు అనేవారు. రాగితో చేశారు గనుకనే మన నీళ్ళచెంబుకు ఆ పేరు వచ్చింది. చెంబు, ప్రోలు కలిసి చేబ్రోలు అయింది. సంస్కృతంలో దీనినే తామ్రాపురి అన్నారు, తామ్రమంటే రాగి. ఇదంతా పండితుల ఊహేనేమో అనుకోవచ్చు. కాని 2019లో చేబ్రోలులో పురావస్తుశాఖవారికి ఒక రాతిశాసనం దొరికింది. అది శాతవాహనరాజు విజయుని కాలంలో, క్రీస్తుశకం 207లో చెక్కించినది. అందులో ఆ ఊరిపేరు 'తాంబ్రాపె' అని ఉన్నది! 1800 ఏళ్ళ కిందట కూడా అది రాగి ఊరే. రాగి గనులు లేకపోతేనేం? చుట్టుపట్ల రాగిరంగు ఎర్రమట్టి నేల ఉన్నది. ఆ మట్టిని రోడ్లు వేయటానికి, పల్లాలు పూడ్చటానికి తవ్వి లారీలలో తరలిస్తున్నారు. రేపు ఎర్రమట్టి తరిగిపోయినా అది ఉండేదని చెప్పటానికి పేరు మిగులుతుంది.

కొన్ని పేర్లకు చక్కని కథలున్నవి. సీతను రావణుడు ఎత్తుకుపోయిన వార్తను రాముడు విన్న కొండ గనుక అది వినుకొండ అయిందని పెద్దలు చెపుతారు. కీల్‌హార్న్ అనే పండితుడు మరొక మాట చెప్పాడు. 5, 6 శతాబ్దాలలో ఆంధ్రదేశాన్ని ఏలిన విష్ణుకుండినుల వంశానికి ఆ పేరు వినుకొండ నుంచే వచ్చిందని ఆయన అభిప్రాయం. అంటే ఒక రాజవంశమే ఈ ఊరిపేరు పెట్టుకున్నదన్నమాట! అవ్వ చెప్పిన కథను కథగా వినండి, పండితుని మాటను పరీక్షగా వినండి. రెండూ ఊరి ఆస్తే.

రాజులూ జమీందార్లూ వచ్చి పాతపేర్లు మార్చటం కూడా కద్దు. అట్లూరు అనే ఊరు ఉండేది. 1797లో మల్రాజు నరసారావు అనే జమీందారు పేర అక్కడ పేట కట్టారు. ఈనాడు నరసరావుపేట అందరికీ తెలుసు. అట్లూరు ఎందరికి తెలుసు? నిజాంపట్నం అసలు పేరు పెద్దపల్లె. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ఈ తీరానికి వచ్చింది. ఆ దొరల నోట పెద్దపల్లె పెటపోలి అయింది!

పేరు మారితే పోయేదేమున్నది అంటారా? దానికి జవాబు కృష్ణ ఒడ్డున ఉన్నది.

ఇప్పటి అమరావతి, ధరణికోట ఉన్న చోట రెండువేల ఏళ్ళ కిందట ధాన్యకటకం అనే మహానగరం ఉండేది. పేరులోనే ధాన్యం ఉన్నది చూశారా? అక్కడి బౌద్ధస్తూపాన్ని చూడటానికి దూరదేశాల నుంచి యాత్రికులు వచ్చేవారు. కాలం గడిచింది. స్తూపం మట్టిదిబ్బ అయింది. ధాన్యకటకమనే పేరు ఆ చుట్టుపక్కల వినిపించటం మానేసింది. ఊరివాళ్ళు ఆ దిబ్బను దీపాలదిన్నె అని మాత్రం పిలిచేవారు. ఎన్నడో అక్కడ దీపాలు వెలిగేవన్న జ్ఞాపకం ఆ మాటలో మిగిలిందేమో! కాని ఎవరు వెలిగించారో, ఎందుకు వెలిగించారో అడిగినవారు లేరు.

1790 తరువాత వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అనే జమీందారు అక్కడ అమరావతి పట్టణం కట్టించాడు. ఇళ్ళకు రాళ్ళు, ఇటుకలు కావాలి. దీపాలదిన్నె తవ్వితే చేతికందేటంత రాయి దొరికింది. వెన్నలాంటి పాలరాతిపై చెక్కిన బొమ్మలు కొన్ని గోడలలోకి పోయినవి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1797లో మెకంజీ అనే సర్వే అధికారి ఈ వార్త విని వచ్చి చూశాడు. తరువాత 1816లో మళ్ళీ వచ్చి మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఇప్పుడా శిల్పాలలో చాలావాటిని చూడాలంటే చెన్నై మ్యూజియానికో, లండన్ మ్యూజియానికో వెళ్ళాలి. తవ్వినవారు చెడ్డవారు కారు. అది ఏమిటో చెప్పే పేరు వాళ్ళదాకా రాలేదు, అంతే.

విచిత్రం వినండి. మనం మరిచిన ఆ పేరును హిమాలయాల అవతల మరిచిపోలేదు. 1416లో టిబెట్టులోని లాసా నగరం దగ్గర ఒక గొప్ప బౌద్ధమఠం కట్టి, దానికి డ్రెపుంగ్ అని పేరు పెట్టారు. ఆ మాటకు వారి భాషలో బియ్యపురాశి అని అర్థం. మన ధాన్యకటకాన్ని తలుచుకుని పెట్టిన పేరే అది!

ఊరే పోయి పేరు మిగిలిన చోటు కూడా ఒకటున్నది. మాచర్లకు పైన, నాగార్జునకొండ లోయలో, 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. కట్ట లేస్తే లోయ అంతా మునుగుతుంది. కట్టకపోతే పల్నాటి మెట్టభూములకు నీళ్ళు రావు. అందుకని 1954 నుంచి 1960 దాకా పురావస్తుశాఖవారు లోయలో ముమ్మరంగా తవ్వి, దొరికినవాటిని కొండపైకీ, ఒడ్డుకూ చేర్చారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. పాత విజయపురి నీటి అడుగున ఉన్నది. కాని ఆనకట్ట పక్కన వెలసిన కొత్త ఊరికి విజయపురి అనే పేరే పెట్టారు. నగరం మునిగింది గాని పేరు ఈదుకుంటూ ఒడ్డుకు చేరింది!

ఇక మీ వంతు. మీ ఊరిపేరును కణుపు దగ్గర విరిచి చూడండి. చివరి ముక్క ఏమిటి? మొదటి ముక్క చెట్టా, నీరా, రాయా, పైరా, మనిషా? చెట్టయితే ఆ జాతి చెట్టు ఇప్పుడు ఊళ్ళో ఒక్కటైనా ఉన్నదేమో వెతకండి. చెరువయితే దాని గట్టు ఎక్కడిదాకా ఉండేదో అడగండి. పాత గుడిలో రాతిమీద అక్షరాలుంటే మీ మాస్టారికి చూపించండి. ఊరిపేరుతో ఆగకండి. పొలాలకూ పేర్లుంటాయి. మర్రిచేను, కుంటకింద మడి వంటి పేర్లు ఏ పటంలోనూ కనిపించకపోవచ్చు; అవి తాతల నోటనే ఉంటాయి. తాత లేనినాడు అవీ ఉండవు. ఒక నోటుపుస్తకం తీసుకుని ఈ సెలవులలోనే రాసిపెట్టండి.

మీ ఇంటిపేరును కూడా మరువకండి. తెనాలి రామకృష్ణుడి పేరులో తెనాలి ఉన్నట్టే, ఎందరి ఇంటిపేర్లలోనో ఒక ఊరు దాక్కుని ఉన్నది. మీ పూర్వులు ఎక్కడినుంచి కదిలి వచ్చారో ఆ పేరు చెప్పవచ్చు.

రేపు ఎవరైనా మీ ఊరిపేరు విని నవ్వితే కోపం తెచ్చుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని దాని అర్థం చెప్పండి.