నాలుగు ఓట్ల పండుగ

జంషెడ్‌పూర్ అనగానే మన మనోనేత్రం ముందు కొలిమి మంటలు, విశాలమైన వీధులు, వాటికిరువైపులా బారులు తీరిన వృక్షాలు మెదలుతాయి. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడగా, సాక్చీ అనే పల్లె దాని కర్మాగారానికి నెలవైంది. 1919లో అప్పటి వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్జీ టాటా స్మృత్యర్థం ఆ ఊరికి నేటి పేరు పెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై తరలివెళ్లిన మనవారు అటు కర్మాగారంలోను, ఇటు టాటానగర్ రైల్వేలోను చేరి అక్కడే స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం నేటికీ వారందరినీ కలిపే కూడలి.

ఈ మహానగరానికి ఒక విశేషమున్నది. కంపెనీ ప్రాంతంలో నీరు, దీపం, రహదారి, పారిశుద్ధ్యం అన్నీ కంపెనీ పక్షాననే సాగుతాయి. అక్కడి పౌరుడు శాసనసభకు, లోక్‌సభకు ఓటు వేస్తాడే గాని, తన వీధి బాగోగులు చూసే పురపాలక సభ్యుణ్ణి ఎన్నుకునే అవకాశం అతనికి లేదు. ఎన్నికైన పురపాలక సంఘం కావాలని 1988లోనే ఒక పౌరుడు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పరిశ్రమయే పౌరసేవలు అందించే చోట పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి పురపాలక సంఘాన్ని మినహాయించే వీలు కల్పించింది. ఝార్ఖండ్ ప్రభుత్వం 2023 డిసెంబరులో జంషెడ్‌పూర్‌ను ఆ విధంగానే ప్రకటించింది.

నగరపు సరిహద్దు దాటితే కథ వేరు. బాగ్‌బేడా, కీతాడీహ్, పరసూడీహ్ వంటి ప్రాంతాలు పంచాయతీల క్రిందికి వస్తాయి. ఆ నేలపై 1978 తరువాత పంచాయతీ ఎన్నికలు మళ్లీ జరిగింది 2010లోనే. ముప్పది రెండేళ్ల నిరీక్షణానంతరం లభించిన ఓటు గనుక దానిని అక్కడివారు అపురూపంగా చూసుకుంటారు.

2022 మే మాసంలో పంచాయతీ పోలింగు నాడు మేము అటువంటి ఒక పంచాయతీలో బంధువుల ఇంట ఉన్నాము. తెల్లవారకముందే వీధి మేల్కొన్నది. ఇస్త్రీ చీరలు కట్టుకున్న కోడళ్లు, కర్ర ఊతగా వృద్ధులు, తల్లుల కొంగు పట్టుకున్న పిల్లలు పాఠశాల వైపు సాగిపోయారు. వరుసలో తెలుగు, హిందీ, భోజ్‌పురి, బెంగాలీ, ఒడియా, సంతాలీ పలుకులు కలగలిసి వినవచ్చాయి. ఒకరు పెళ్లి సంబంధం కదిపారు. మరొకరు ఏడాదిగా మాటలు లేని పొరుగువారికి గొడుగు పట్టారు. దూరాన చెట్టు నీడన మట్టి ముంతలలో టీ, పొట్లాలలో మరమరాలు. పార్టీ గుర్తులు లేని ఎన్నిక అది. వార్డు సభ్యుడు, ముఖియా, పంచాయతీ సమితి సభ్యుడు, జిల్లా పరిషత్ సభ్యుడు. ఒక్కొక్కరికి నాలుగేసి ఓట్లు, నాలుగేసి కాగితాలు.

మా ముందు నిలుచున్న మామ్మగారు సిక్కోలు నుండి కొత్త కోడలిగా ఆ ఊరు వచ్చి అరవయ్యేళ్లు దాటిందట. ఆమె చెల్లెలి కాపురం కంపెనీ ప్రాంతమైన కదమాలో. ఆనాడు ఆ చెల్లెలు మనుమలతో సహా చుట్టపుచూపుగా వచ్చి, అక్కగారికి వంట పని తప్పించింది. “మీరు కూడా కదమాలోనే ఉండవచ్చును కదా, మామ్మగారూ?” అని అడిగాము. ఆమె బోసినోటితో నవ్వి, “మా సెల్లికి కుళాయుంది, ఓటు నేదు. నాకు ఓటుంది, కుళాయి నేదు బాబూ! రెండూ ఉన్న ఊరు సూపించు, ఎలిపోదాం” అన్నది. వరుసలోని వారంతా నవ్వారు. మేమూ నవ్వాము గాని, ఆ మాట మమ్ములను చాలాకాలం వదలలేదు.

మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు ఒకే పీటపై కూర్చుని భోంచేశారు. అక్క వేలిపై సిరా గుర్తును చెల్లెలి మనుమడు పదేపదే తాకి చూశాడు. “మనకెప్పుడు పెడతారు నానమ్మా?” అని హిందీలో అడిగాడు. ఆమె సమాధానం చెప్పక అతని పళ్లెంలో మరికాస్త పప్పు వడ్డించింది.

లెక్కింపు తరువాత మా బంధువులు ఫోను చేశారు. మామ్మగారు ఓటు వేసిన వార్డు అభ్యర్థి ఓడిపోయాడట. గెలిచినవాడు మిఠాయితో గుమ్మంలోకి రాగా, ఆమె మిఠాయి పుచ్చుకుని, ఖాళీ బిందె తెచ్చి అతని ముందు పెట్టిందట. అతడు తల వంచుకుని, నీటి సంగతి ముందుగా చూస్తానని మాట ఇచ్చి వెళ్లాడట.

సంస్థ నిర్మించిన కాలనీలలో నివసించే మనకు కుళాయి విప్పగానే నీరు వస్తుంది. అది యాజమాన్యపు శ్రద్ధకు, మన సోదర కార్మికుల శ్రమకు ఫలితం. అయినను, ఎవరి ముందైనా బిందె పెట్టి అడగగల ఆ చనువు వేరొక సంపద. మన సంఘ ఎన్నికలు, సంక్షేమ సమితి సమావేశాలు, ఊరి పోలింగు వచ్చిన నాడు దానిని కేవలం సెలవుదినంగా భావించక, సకుటుంబంగా వెళ్లి వరుసలో నిలుచుందాము. పక్కవారిని పలకరిద్దాము. మన పిల్లలను వెంట తీసుకువెళ్దాము.