5.4 కేంద్రకాల లెక్కింపు: హద్దు ఎక్కడ పెట్టాలి?

సూక్ష్మదర్శినికి అమర్చిన కెమెరా తీసిన చిత్రం మీకు బొమ్మగా కనిపిస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం అది సంఖ్యల పట్టిక. 8-బిట్ చిత్రంలో ప్రతి పిక్సెల్‌కు 0 నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది.

డి.ఎన్.ఎ.కు అంటుకొనే డాపి రంజకాన్ని కణాలకు పట్టించారనుకోండి. అతినీలలోహిత కాంతిలో కేంద్రకాలు నీలంగా వెలుగుతాయి. వాటి పిక్సెళ్ల విలువలు ఎక్కువ, నేపథ్యానివి తక్కువ. ఈ రెండింటినీ విడదీసే హద్దు విలువే థ్రెషోల్డ్. దానిని 60గా తీసుకొంటే, 60 దాటినవన్నీ కేంద్రకాల కిందికి వస్తాయి.

60 ఎందుకు, 80 ఎందుకు కాకూడదు? అసలు చిక్కు ఇదే. హద్దు పెంచితే మసక కేంద్రకాలు మాయమవుతాయి. తగ్గిస్తే పక్కపక్కనున్నవి కలిసిపోయి ఒకటిగా లెక్కకు వస్తాయి. మందు వేసిన కణాలకు ఒక హద్దు, వేయని కణాలకు మరొక హద్దు కంటి అంచనాతో పెట్టారనుకోండి. అప్పుడు కనిపించే తేడా మందు వల్ల వచ్చిందో, మీ చేతి వల్ల వచ్చిందో చెప్పలేం. కాబట్టి అన్ని చిత్రాలకూ ఒకే నియమం వాడాలి.

1979లో నొబుయుకి ఒట్సు ప్రచురించిన పద్ధతి అటువంటి నియమం. ప్రతి వర్గంలోని విలువలు తమ సగటుకు వీలైనంత దగ్గరగా ఉండేలా అది హద్దును ఎంచుతుంది. అయితే చిత్రంలో కేంద్రకాలే లేకపోయినా అది ఏదో ఒక హద్దు చెబుతుంది! ఫలితాన్ని అసలు చిత్రంతో పోల్చి చూడక తప్పదు.

అభ్యాసం: ఉచితంగా లభించే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్‌లో ‘బ్లాబ్స్’ నమూనా చిత్రం తెరవండి. హద్దును 10 చొప్పున మారుస్తూ, ప్రతిసారీ వచ్చిన లెక్కను పట్టికలో రాయండి.