సందేశపు గుండ్లు: తూకం ధర వేరు, సేకరణ ధర వేరు

పాత రాగి, ఇత్తడి, ఇనుము తూకానికి అమ్ముడయ్యే సరుకులు. అయితే ఆ లోహాలతోనే తయారైన కొన్ని వస్తువులకు కాటాపై ధర కట్టడం సాధ్యం కాదు. యూరప్‌లో పాత యుద్ధ సామగ్రిని సేకరించేవారు వెదికే సందేశపు గుండ్లు ఇట్టివే.

1914-18 ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సు, బెల్జియం కందకాలలోని ముందు వరుసకూ వెనుకనున్న అధికారులకూ సంబంధం తరచు తెగిపోయేది. ఫిరంగి దెబ్బలకు టెలిఫోను తీగలు తెగేవి. వార్త తీసుకుపోయే సైనికుడు దారిలోనే కూలేవాడు. అందుచేత జర్మన్ సైన్యం 7.6 సెంటీమీటర్ల తేలికరకం కందక ఫిరంగితో సందేశాలను పేల్చి పంపసాగింది. బోలుగా ఉన్న గుండులో, కాగితం చుట్టిన గొట్టాన్ని బిగించేవారు. గుండు పడిన చోటు తెలిసేందుకు పొగ లేక వెలుగునిచ్చే మందు కూర్చేవారు.

సేకరణలో ధరను నిర్ణయించేది బరువు కాదు, సమగ్రత. లోపలి గొట్టం, మరమూత ఉన్నవా, తయారీ ముద్ర, సంవత్సరం చదవ వీలగునా, పాత రంగు కొంతైనా మిగిలినదా అని చూస్తారు. పాత గుండ్లలో రాగి పట్టీలను తుక్కు ధర కోసం ఊడబెరికినవి ఎక్కువ. అట్టివాటికి గిరాకీ మందం. కొత్తగా చేయించిన గొట్టం అమర్చినట్లయితే ఆ సంగతి కొనుగోలుదారుకు చెప్పి తీరాలి.

బాగుసేతలో అత్యుత్సాహమే నష్టకారణం. ఇత్తడి భాగాలను ఇంట్లో బిందెలవలె చింతపండు, ఇటుకపొడితో తోమితే ముద్రలు అరిగిపోతాయి. సేకర్తకు ఆ మెరుపు లోపమే. అమ్మోనియా కలిసిన ద్రావకాలు మరింత ప్రమాదం. బ్రిటిష్ పాలనలో మన దేశంలో వానాకాలం నిలవ ఉంచిన ఇత్తడి తూటా తొడుగులు వాటంతటవే పగిలేవి. ఇందుకు కారణం గాలిలోని అమ్మోనియా అని 1921లో బ్రిటన్‌లో పరిశోధకులు తేల్చారు. ఇనుప భాగాలపై వదులు తుప్పును నూనెతో, మెత్తని బ్రష్‌తో తొలగించి, పలుచగా మైనం పూయడం మేలు.

ఇదంతా గుండు నిరపాయకరమని నిపుణుడు ధ్రువీకరించిన తరువాతి మాట. సందేశపు గుండు గదా అని ఏమరరాదు, పొగ మందు లోపల మిగిలి ఉండవచ్చు. పైగా తుప్పు పట్టిన గుండు ఏ రకమో పైకి చూసి చెప్పడం కష్టం. బెల్జియం పొలాల్లో నాగలికి నేటికీ గుండ్లు తగులుతున్నవి. అక్కడివారు దీనిని ‘ఇనుప పంట’ అంటారు. వాటిని తొలగించే పని సైనిక నిపుణులదే.

ఈ జాగ్రత్త మన తుక్కు వర్తకులకూ అవసరం. 2004లో గాజియాబాద్ ప్రాంతపు ఉక్కు కర్మాగారంలో, దిగుమతి తుక్కులో వచ్చిన గుండ్లు పేలి కార్మికులు మరణించారు. ఆ పిదప ప్రభుత్వం తుక్కు దిగుమతులపై తనిఖీ నిబంధనలను బిగించింది. కాటాకు వచ్చిన తుక్కులో గుండు కనిపిస్తే కోయరాదు, కాల్చరాదు, కదపరాదు. మనుషులను దూరంగా పంపి, పోలీసులకు కబురు చేయాలి. కిలోల లెక్కన వచ్చే లాభం అంతటి ముప్పుకు తగినది కాదు.