మీకు తెలుసా? మెదడు బొమ్మను చదివే యంత్రం

బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర కృష్ణానది మీది వంతెనకు ఇవతల జోగులాంబ గద్వాల జిల్లా, అవతల వనపర్తి జిల్లా. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని దక్షిణానికి పోతే కర్నూలు, ఉత్తరానికి పోతే మహబూబ్‌నగర్, ఆపైన హైదరాబాదు. ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా తెల్లవారుజామున పెద్దమనిషికి మూతి వంకర పోయి చెయ్యి పడిపోతే, ఇంటివాళ్ల నోట మొదట వచ్చే మాట ‘ఎటు తీసుకుపోదాం?’ అని. ఆసుపత్రిలో డాక్టరు నోట వచ్చేది ‘తలకు స్కాను తీయించారా?’ అని. ఆ స్కానును ఇప్పుడు కొన్నిచోట్ల డాక్టరు కన్నా ముందు యంత్రం చదువుతోంది. దానికి ఆ చదువు ఎలా వచ్చింది, మన మెదడు దానికి ఎంతవరకు తెలుసు, ఎక్కడ పొరపాటు పడుతుంది? ఈసారి ఆ సంగతులు చూద్దాం.

పాటల కంపెనీలో పుట్టింది

కుక్కబొమ్మ హెచ్‌ఎంవీ రికార్డులు గుర్తున్నాయా? ఘంటసాల భగవద్గీత మన ఇళ్లకు వచ్చింది ఆ ముద్రతోనే. ఆ ముద్ర ఇంగ్లండులోని ఈఎంఐ కంపెనీది. సీటీ స్కాను తయారైంది కూడా ఆ కంపెనీలోనే. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు చేసిన యంత్రంలో 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలను స్కాన్ చేశారు. మెదడులో గడ్డ ఉందేమోనని అనుమానించిన ఒక స్త్రీ ఆ రోగి. పుర్రె తెరవకుండా మెదడు లోపలి సంగతి పొర పొరగా కనిపించడం అదే మొదలు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కు, భౌతికశాస్త్రవేత్త అలెన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి

స్కాను ఫిలిం మనకు నలుపు తెలుపుల బొమ్మ. దాన్ని చదివే యంత్రానికి అదంతా అంకెల పట్టిక. ఒక్కో సీటీ పొరలో అడ్డంగా 512, నిలువుగా 512 గళ్లుంటాయి. అంటే 2 లక్షల 62 వేల పైచిలుకు గళ్లు. ప్రతి గడిలో ఒక అంకె. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి, మెదడు కండకు ముప్పై నలభై, అప్పుడే కారిన రక్తానికి అరవై డెబ్బై, ఎముకకు వందల్లో. ఈ కొలతకు హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. మెదడుకూ రక్తానికీ మధ్య తేడా ముప్పై అంకెలే చూడండి. రాత్రి డ్యూటీలో అలసిన కంటికి ఒక మూలన ఉన్న ఆ చిన్న తేడా దాటిపోవచ్చు. యంత్రం కన్ను అలసిపోదు.

గద్వాల నేతపని దగ్గరగా చూసినవారికి దీని కీలకం ఇట్టే పట్టుబడుతుంది. అంచు డిజైను ముందు గళ్ల కాగితం మీదికి ఎక్కుతుంది. ఏ గడిలో ఏ పోగు రావాలో అక్కడే తేలుతుంది. దగ్గరగా చూస్తే ఒట్టి గళ్లు, దూరంగా చూస్తే కోటకొమ్మ అంచు. యంత్రం ఆ పనినే తిరగేసి చేస్తుంది. గళ్ల నుంచి డిజైనును వెతుకుతుంది. మూడు గళ్లు అడ్డం, మూడు గళ్లు నిలువు ఉన్న చిన్న కిటికీని బొమ్మంతా జరుపుకుంటూ పోయి ముందు అంచులు పడుతుంది. చీర ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోటు చేతికి ఎలా తగులుతుందో, తెల్లటి ఎముక, బూడిదరంగు మెదడు కలిసే గీత యంత్రానికి అలా దొరుకుతుంది. ఆ అంచులను కలిపి ఆకారాలు, ఆకారాలను కలిపి ‘ఇది రక్తస్రావం’, ‘ఇది గడ్డ’ అన్న అంచనా. గడ్డ ఇలా ఉంటుందని దానికి ఎవరూ సూత్రాలు రాసివ్వరు. వేల బొమ్మలు చూపి, ప్రతి దానికీ డాక్టరు చెప్పిన జవాబు పక్కన పెడతారు. తప్పినప్పుడల్లా తన లెక్కలు కాస్త కాస్త దిద్దుకుంటుంది. మెషీన్ లెర్నింగ్ అంటే ఈ దిద్దుబాటే.

మూడు లక్షల స్కాన్లు చదివింది

2018లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో మనదేశపు వ్యాసం ఒకటి వచ్చింది. ముంబయిలోని క్యూర్ డాట్ ఏఐ సంస్థ చేసిన పని. మొదటి రచయిత శశాంక్ చిలంకుర్తి. దేశంలోని 20 దాకా కేంద్రాల నుంచి తెచ్చిన 3,13,318 తల స్కాన్లతో యంత్రానికి చదువు చెప్పి, పరీక్ష పెట్టారు. మెదడులో రక్తం కారిందా, పుర్రె చిట్లిందా, మెదడు నడిమి గీత పక్కకు జరిగిందా అన్నవి ప్రశ్నలు. చివరి పరీక్షకు వేరే చోట నుంచి తెచ్చిన 491 స్కాన్లు పెట్టారు. ముగ్గురు అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులు ఒక్కో స్కానూ చదివితే, ఎక్కువమంది చెప్పినదే సరైన జవాబుగా తీసుకున్నారు.

రక్తస్రావం విషయంలో యంత్రానికి వచ్చిన కొలత 0.94. దాని అర్థం ఇది: రక్తస్రావం ఉన్న స్కాను ఒకటి, లేనిది ఒకటి జతగా ఇస్తే, నూరు జతల్లో 94 సార్లు ఉన్నదాన్నే ఎక్కువ అనుమానించింది. మిగతా ఆరు సార్లు తప్పింది. నాకు ఆ 94 ఎంత ముఖ్యమో ఆ ఆరూ అంతే ముఖ్యం. ఆ ఆరింట్లో మన ఇంటి మనిషి ఉండవచ్చు కాబట్టి, పక్కన డాక్టరు ఉండి తీరాలి.

మన మెదడుకు మన పటం

ఈ కాలమ్‌లో నేను ఎక్కువసేపు ఆగదలచింది ఇక్కడే.

మెదడు కుంచించుకుపోయిందని చెప్పాలంటే, మామూలు మెదడు ఎంత ఉంటుందో ముందు తెలియాలి. ఆ మామూలు కొలతకు ప్రపంచం చాలాకాలం వాడిన పటాలు రెండు. ఒకటి తలైరాక్, టూర్నూ 1988లో అచ్చువేసిన పటం. దానికి ఆధారం చనిపోయిన ఒక అరవై ఏళ్ల ఫ్రెంచి మహిళ మెదడు. రెండోది కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ది. వందల ఎమ్మారైలు కలిపి సగటు తీసినదే అయినా, అవి అక్కడివాళ్ల తలలు. గద్వాల రైతు మెదడును, నాగర్‌కర్నూలు టీచరమ్మ మెదడును ఆ పటం పక్కన పెట్టి చూస్తూ వచ్చారు. వేరేవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కా మనకు తొడిగి, భుజం జారిందని చెప్పినట్టు.

దీన్ని సరిచేసే పని హైదరాబాదులో జరిగింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో ప్రొఫెసర్ జయంతి శివస్వామి బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థతో కలిసి, భారతీయ మెదడు పటాన్ని 2019లో ప్రకటించింది. ముందు చిన్న సమూహంతో మొదలుపెట్టి, చివరకు 100 మంది ఆరోగ్యవంతుల ఎమ్మారైలతో చేశారు. 50 మంది ఆడవాళ్లు, 50 మంది మగవాళ్లు, అందరూ 21 నుంచి 30 ఏళ్ల వయసు వాళ్లే. అందుకే దానికి ‘ఐబీఏ 100’ అని పేరు. తేలిందేమంటే, సగటున భారతీయుల మెదడు ఎత్తులోనూ వెడల్పులోనూ మొత్తం పరిమాణంలోనూ పాశ్చాత్యుల మెదడు కన్నా, చైనా, కొరియా వాళ్ల మెదడు కన్నా కూడా చిన్నది.

ఈ మాట వినగానే కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. పరిమాణాన్ని బట్టి తెలివిని కొలవరు. కానీ జబ్బును మాత్రం పరిమాణాన్ని బట్టి కొలుస్తారు. మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లో మెదడు కుంచించుకుపోతుంది. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే భాగం మొదట్లోనే తరుగుతుంది. పెద్ద మెదడు పటం పక్కన పెడితే మన ఆరోగ్యమైన మెదడు కూడా తరిగినట్టు కనబడే ప్రమాదముంది. లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది. మనిషి పొరబడితే ఒక ఇంటికి కష్టం. యంత్రానికే తప్పుడు కొలత నేర్పితే, అది చదివే ప్రతి స్కానుకూ అదే తప్పు.

ఐబీఏ 100 పడుచువాళ్ల మెదడు పటం. అల్జీమర్స్ అరవై దాటినవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి మన ముసలివాళ్లకు, మన పిల్లలకు వేరువేరు పటాలు కావాలి. అందులో హైదరాబాదు వాళ్ల తలలే కాక ఇటిక్యాల, పెబ్బేరు, కొల్లాపూర్ వాళ్ల తలలు కూడా ఉండాలని నా కోరిక.

అన్నట్టు, ఈ ట్రిపుల్ ఐటీ పాలకమండలికి అధ్యక్షుడిగా పనిచేసిన రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు. కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా సంతతి వారిలో ఆ అవార్డు పొందిన మొదటివారు ఆయనే.

నిమ్స్ గాజు పలకలు

మెదడు బొమ్మ అంటే స్కాను ఒక్కటే కాదు. ఆపరేషన్‌లో గడ్డ తీశాక దానిలోంచి సన్నటి పొర కోసి, రంగు వేసి, గాజు స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. గడ్డ ఏ రకం, ఏ గ్రేడు, ఎంత వేగంగా పెరుగుతోంది అన్నది తేలేది అక్కడే. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి, ట్రిపుల్ ఐటీ కలిసి 367 మంది రోగులకు చెందిన 547 మెదడు గడ్డ స్లైడులను కంప్యూటర్లోకి ఎక్కించి, పరిశోధకుల కోసం 2024లో ‘ఐపీడీ బ్రెయిన్’ పేరుతో బయటపెట్టాయి. భారతీయ రోగులతో చేసిన ఈ సేకరణ, ఇలాంటి వాటిలో ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. ప్రతి స్లైడుతో పాటు రోగి వయసు, స్కానులో కనిపించిన సంగతులు, పాథాలజిస్టు నిర్ధారణ, జన్యు మార్పులను పట్టిచ్చే పరీక్షల ఫలితాలు ఉన్నాయి.

ఆ పరీక్షలకు వేరే రసాయనాలు కావాలి, ఖర్చవుతుంది, అన్ని ఊళ్లలో దొరకవు. మామూలు రంగు వేసిన స్లైడును చూసే యంత్రం ఆ జవాబును అంచనా వేయగలదా అన్నది ఇప్పుడు పరిశోధకుల ముందున్న ప్రశ్న. అది సాధ్యమైతే ఎక్కువ మేలు జరిగేది జిల్లా ఆసుపత్రులకు. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2022లో, గద్వాలది 2024లో మొదలయ్యాయి. కాలేజీ వచ్చినంత తొందరగా నరాల జబ్బుల నిపుణులు రారు. ఆ లోటులో యంత్రం డాక్టరుకు తోడు నిలబడగలదు.

జబ్బును వదిలి ఆసుపత్రిని గుర్తుపట్టింది

ఇది మెదడు సంగతి కాదు, ఊపిరితిత్తులది. అయినా చెప్పక తప్పదు. 2018లో అమెరికాలో న్యుమోనియా కనిపెట్టే యంత్రాన్ని పరీక్షించారు. తాను చదువుకున్న ఆసుపత్రుల ఎక్స్‌రేల్లో బాగా చెప్పింది, బయటి ఆసుపత్రివి ఇస్తే తడబడింది. ఆరా తీస్తే, ఎక్స్‌రే ఏ ఆసుపత్రిలో తీశారో అది దాదాపు తప్పు లేకుండా గుర్తుపడుతోంది. జబ్బు ఎక్కువగా ఉన్న ఆసుపత్రి అని తెలిస్తే చాలు, జవాబు సగం దొరికినట్టే కదా. టెక్నీషియన్లు ఫిలిం మూలన పెట్టే లోహపు గుర్తు కూడా దానికి ఆనవాలైంది. ఢిల్లీలోనో ముంబయిలోనో నేర్చుకున్న యంత్రాన్ని పాలమూరుకు తెచ్చేటప్పుడు, ఇక్కడి మిషన్ల మీద, ఇక్కడి రోగుల మీద మళ్లీ పరీక్ష పెట్టకుండా వాడటం తప్పు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

చిన్న లెక్క

వెయ్యి తల స్కాన్లు వచ్చాయనుకోండి. వాటిలో ఇరవైలో రక్తస్రావం ఉంది. యంత్రం నూటికి 95 సార్లు సరిగ్గా చెబుతుంది, జబ్బు ఉన్నా లేకున్నా. ఇరవైలో 19 పట్టుకుంటుంది. రక్తస్రావం లేని మిగతా 980 మందిలో 49 మందిని కూడా ‘అనుమానం’ అంటుంది. అంటే గంట మోగిన ప్రతిసారీ జబ్బు ఉన్నట్టు కాదు, మూడింట రెండు వంతులకు పైగా వట్టిదే. అందుకే వీటిని తీర్పు చెప్పడానికి వాడరు, వరస మార్చడానికి వాడతారు. అనుమానమున్న స్కానును డాక్టరు ముందున్న కట్టలో అన్నింటికన్నా పైకి తెస్తుంది. మెదడు పెద్ద రక్తనాళం పూడుకుపోయిందన్న అనుమానం రాగానే నిపుణుడి ఫోనుకు కబురు పంపే ఇలాంటి ఒక పరికరానికి అమెరికా ప్రభుత్వం 2018 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది.

నిమిషానికి 19 లక్షలు

పెద్ద రక్తనాళం పూడి పక్షవాతం వచ్చినప్పుడు, వైద్యం అందకపోతే నిమిషానికి 19 లక్షల నరకణాలు చచ్చిపోతాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్కగట్టాడు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అయితే మెదడులో రక్తం కారుతున్న మనిషికి అదే ఇంజెక్షను ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఏది పూడిక, ఏది రక్తస్రావం అన్నది పైకి చూస్తే తెలియదు. స్కాను తీయాల్సిందే. పసరు మందుకని, తైలం మర్దనకని తిరిగితే పోయేవి ఆ నాలుగున్నర గంటలే.

ఎంత చదువుకున్న యంత్రమైనా, స్కాను గదికి చేరని మనిషికి ఏమీ చేయలేదు. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు కూడా పోయకండి. సీటీ స్కాను ఉన్న ఆసుపత్రి గద్వాల వైపా, వనపర్తి వైపా, కర్నూలు వైపా అన్నది ఇవాళే తెలుసుకొని గోడ మీద రాసిపెట్టుకోండి. నిద్రలో వస్తే మాత్రం లెక్క మొదలయ్యేది మీరు గమనించిన క్షణం నుంచి కాదు, ఆ మనిషిని చివరిసారి బాగా ఉండగా చూసిన క్షణం నుంచి. డాక్టరు మిమ్మల్ని అడిగేది ఆ టైమే. గుర్తుపెట్టుకొని వెళ్లండి.