అవార్డంటే బహుమానమేనా?

అవార్డు అనంగానే మనకు శాలువా, షీల్డు, పేపర్లో ఫోటో గుర్తుకొస్తాయి. పద్మ అవార్డు, నంది అవార్డు, ఉత్తమ టీచర్ అవార్డు. కానీ మా పాములపాడు దిక్కు రైతుకు ఈ మాట ఇంకో రెండు దారుల్లో ఎదురైతాది. ఒకటి నీళ్ల దారి, రెండోది భూమి దారి.

నీళ్ల సంగతి ముందు చూద్దాం. కృష్ణా నీళ్లు పోతిరెడ్డిపాడు దాటి, మా మండలంలోని బానకచర్ల క్రాస్ రెగ్యులేటరు కాడ తెలుగుగంగకు, కేసీ కెనాల్‌కు, ఎస్సార్బీసీకి చీలిపోతాయి. ఈ నీళ్ల మీద ఎప్పుడు కొట్లాట వచ్చినా 'బచావత్ అవార్డు' అంటారు. 1976లో ఆ ట్రిబ్యునల్ తుది ఉత్తర్వు వచ్చింది. నికరజలాల్లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు పంచింది. ఇక్కడ అవార్డంటే తీర్పు. ఇంగ్లీషులో ఆ మాటకు పాత అర్థం కూడా అదే: బాగా విచారించి తేల్చి చెప్పడం. బహుమానం అర్థం తర్వాత వచ్చి కూచుంది.

ఇంక భూమి. కాలవకో రిజర్వాయరుకో పొలం తీసుకునేటప్పుడు, పరిహారం ఎంతని కలెక్టరు తేల్చి రాసే ఉత్తర్వును కూడా అవార్డే అంటారు. 1894 చట్టంలోనూ, ఇప్పుడుండే 2013 చట్టంలోనూ అదే మాట. 'నీ అవార్డు పాసైంది' అని ఆఫీసులో అంటే, సర్కారు ఏదో దయతల్చి ఇచ్చిందనుకొని సంతకం పెట్టొచ్చిన రైతుల్ని నేను చానామందిని చూసినా. కలెక్టరు అవార్డంటే భూమికి సర్కారు చెప్పే ధర మాత్రమే అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. చెప్పిన ధర నచ్చకుంటే అడిగే హక్కు మనకుంది.

అయితే ఒక మెలిక ఉంది. మాట్లాడకుండా డబ్బు తీసుకుంటే, ఎక్కువ అడిగే దారి మూసుకుపోతాది. డబ్బు తీసుకునేటప్పుడే 'నిరసనతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం పెట్టండి. ఆ రాతకు ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. తర్వాత, కేసును అథారిటీకి పంపమని కలెక్టరుకు అర్జీ ఇయ్యాల. అవార్డు ఇచ్చేటప్పుడు మీరు అక్కడుంటే ఆరు వారాల్లోపు. లేకుంటే నోటీసు అందినాక ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది.

శ్రీశైలం జలాశయం కింద ఊర్లకు ఊర్లే మునిగిన ప్రాంతం మనది. రేపు ఇంకో కాలవ పేరు చెప్పి వచ్చి అవార్డంటే, శాలువా కోసం మెడ వంచొద్దు. ఎంత కట్టినారు, ఏ లెక్కన కట్టినారు అని అడగండి.