పీపింగ్ టామ్: ఒక చిత్రం, రెండు తీర్పులు

భయపడటానికి డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కునే ప్రాణి లోకంలో మనిషొక్కడే. భయానక చిత్రం ఆడుతున్న హాల్లో కాసేపు తెరని వదిలేసి జనాన్ని చూడండి. ఒకడు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, కాని వేళ్ళ సందుల్లోంచి చూస్తూనే ఉంటాడు. ఇంకొకడు అవసరానికి మించి గట్టిగా నవ్వుతాడు. మరొకడు "ఇదంతా ఉత్తిదేలే" అని పక్కవాడికి ధైర్యం చెబుతూ తన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంటాడు. చూడలేకపోవటం, చూడకుండా ఉండలేకపోవటం - ఈ రెండూ కలిస్తేనే ఆ సరదా.

మన లాక్షణికులు ఈ సంగతి ఏనాడో గమనించారు. లోకంలో భయం భయమే గాని, నాటకంలో అది భయానకరసమవుతుంది. లోకంలో జుగుప్స జుగుప్సే గాని, నాటకంలో అది బీభత్సరసమవుతుంది. అయితే దానికో షరతుంది. ఆ భయం నాది కాకూడదు, నా పక్కింటివాడిదీ కాకూడదు. ఎవరి సొంతమూ కాకుండా అందరిదీ కావాలి. దీనికే సాధారణీకరణమని పేరు. తెరకీ మనకీ మధ్య ఉండే ఆ కాస్త దూరమూ చెరిగిపోతే రసం పోయి ఒట్టి భయమే మిగులుతుంది. ఆ దూరాన్ని బుద్ధిపూర్వకంగా చెరిపేసిన ఒక చిన్న బ్రిటిష్ చిత్రాన్ని జనం ముందర ఎలా చూశారు, తరవాత ఎలా చూశారు అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నాను.

ఆ చిత్రం పేరు 'పీపింగ్ టామ్'. ఇంగ్లీషువాళ్ళ కథల్లో గొడైవా అనే దొరసాని, ప్రజల మీద పన్నులు తగ్గించటానికి భర్త పెట్టిన పందెం ప్రకారం, వివస్త్రగా గుర్రమెక్కి ఊరు దాటుతుంది. ఊరంతా తలుపులు మూసుకుని గౌరవం చూపిస్తే టామ్ అనేవాడొక్కడు చాటుగా తొంగిచూసి గుడ్డివాడైపోతాడు. అప్పటినుంచీ దొంగచూపులు చూసేవాళ్ళందరికీ ఆ పేరే ఖాయమైంది. చూసిన పాపానికి శిక్ష కళ్ళకే పడింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

చిత్రం 1960 ఏప్రిల్‌లో లండన్‌లో విడుదలైంది. ఖర్చు 1,30,000 పౌన్ల ప్రాంతంలో. పంపిణీ చేసిన ఆంగ్లో-అమాల్గమేటెడ్ కంపెనీ అప్పట్లో చవకరకం భయానక చిత్రాలకీ హాస్య చిత్రాలకీ పేరుపడ్డది. కాని దర్శకుడు మైకేల్ పావెల్ చవకరకం మనిషి కాడు. మైసూరు మావటివాని కొడుకు సాబు నటించిన 1940 నాటి 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' దర్శకుల్లో ఆయనొకడు. 1947లో హిమాలయాల్లోని క్రైస్తవ సన్యాసినుల కథతో 'బ్లాక్ నార్సిసస్', 1948లో నృత్యమే ప్రాణంగా బతికే అమ్మాయి కథతో 'ది రెడ్ షూస్' - ఈ రెండూ ఎమరిక్ ప్రెస్‌బర్గర్‌తో కలిసి తీసినవి. 'పీపింగ్ టామ్' నాటికి ఆయనకి 54 ఏళ్ళు. దేశం గౌరవించే దర్శకుల్లో ఒకడు.

కథ రాసిన లియో మార్క్స్ రెండో ప్రపంచయుద్ధంలో రహస్య సంకేతాల నిపుణుడుగా పనిచేసినవాడు. ఆయన కల్పించిన నాయకుడు మార్క్ లూయిస్ ఒక ఫిలిం స్టూడియోలో కెమెరాకి ఫోకస్ సరిచేసే సహాయకుడు. నెమ్మదస్తుడు, సిగ్గరి, మాట మెత్తన. ఆ వేషం వేసిన కార్ల్‌హైన్జ్ బోమ్ అంతకుముందు 'సిస్సీ' చిత్రాల్లో అందాల చక్రవర్తిగా పేరు తెచ్చుకున్నవాడు. ఈ మెత్తటి మనిషి ఆడవాళ్ళని చంపుతాడు. చంపుతూ వాళ్ళ ముఖంలోని భయాన్ని ఫిలిం తీస్తాడు. కెమెరా స్టాండు కాళ్ళలో ఒకదానికి కత్తి ఉంటుంది. పైన ఒక అద్దం ఉంటుంది. చచ్చిపోయేవాళ్ళు తమ భయాన్ని తామే చూసుకుంటూ చచ్చిపోవాలన్నమాట!

ఇంతటివాడు ఎలా తయారయ్యాడు? వాళ్ళ నాన్న భయం మీద పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడు. ప్రయోగానికి దొరికిన జీవి సొంత కొడుకే. నిద్రపోయే పిల్లాడి పక్క మీద బల్లిని వేసి వాడు ఉలిక్కిపడటాన్ని ఫిలిం తీశాడు. తల్లి శవం పక్కన కొడుకుని నిలబెట్టి తీశాడు. చివరికి ఆ పిల్లాడికే ఒక కెమెరా బహుమతిగా ఇచ్చాడు. ఇంకో విచిత్రం చూడండి: ఆ తండ్రి వేషం వేసింది స్వయంగా దర్శకుడు పావెల్, పిల్లాడి వేషం వేసింది ఆయన కన్నకొడుకు. సినిమావాడి వృత్తి మీదా, దాన్ని చూసేవాళ్ళ మీదా ఇంతకంటే సూటిగా వేలు పెట్టి చూపించిన చిత్రం నాకు తెలిసి లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ చిత్రంలో రక్తం దాదాపు కనపడదు. మా హాస్టల్లో పదిమందిమి కలిసి లాప్‌టాప్ మీద చూసినప్పుడు ఒక మిత్రుడు సగందాకా "రక్తం ఏదిరా?" అని అడుగుతూనే ఉన్నాడు. పక్క మీద బల్లిని వేసిన చోటికి వచ్చేసరికి అతనే "ఆపండ్రా కాసేపు" అన్నాడు. హత్యల దగ్గర ఎవరూ ఆపమనలేదు. నాకు ఆ రాత్రి ఎక్కువ పాఠం చెప్పింది ఈ సంగతే.

మరి 1960లో విమర్శకులు ఏమన్నారు? 'ట్రిబ్యూన్' పత్రికలో డెరెక్ హిల్ ఈ చిత్రాన్ని పారతో ఎత్తి దగ్గర్లో ఉన్న మురుక్కాలవలో పారెయ్యటమే మార్గమనీ, అప్పటికీ కంపు పోదనీ రాశాడు. 'సండే టైమ్స్' విమర్శకురాలు డిలిస్ పావెల్ (దర్శకుడికి బంధువు కాదు) కూడా కఠినంగానే ఖండించింది. 'డైలీ ఎక్స్‌ప్రెస్'లో లెనర్డ్ మోస్లీ రాసినది మనం ప్రత్యేకంగా చదవాలి. తాను ఆసియాలో అతి మురికి పేటలన్నీ తిరిగొచ్చాననీ, తూర్పు పాకిస్తాన్ కుష్ఠురోగుల వాడలు గాని, బొంబాయి సందులు గాని, కలకత్తా మురుక్కాలవలు గాని ఈ బ్రిటిష్ చిత్రం కలిగించినంత రోతని కలిగించలేదనీ ఆయన భావం.

ఈ మాట చదివి కోపం తెచ్చుకోవటం తేలికే. కాని కోపం కాస్త పక్కన పెట్టి చూస్తే, రహస్యమంతా అక్కడే ఉంది. ఆయన దృష్టిలో రోత ఉండవలసిన చోటు కలకత్తా, బొంబాయి. అది లండన్ వీధిలో, ఇస్త్రీ కోటు వేసుకుని, చక్కని ఇంగ్లీషు మాట్లాడుతూ కనపడింది. ఆయన తట్టుకోలేకపోయింది దాన్నే.

ఇది ఒట్టి ఊహ కాదనటానికి ఆ కాలపు మరో చరిత్ర సాక్ష్యం. హామర్ కంపెనీ థేమ్స్ ఒడ్డున బ్రే అనే చోట ఒక పాత బంగళాని స్టూడియో చేసుకుని, 1957లో సుమారు 65,000 పౌన్లతో 'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' తీసింది. రంగుల్లో రక్తం, తెగిన చేతులు, గుడ్లు - అన్నీ చూపించింది. విమర్శకులు ఛీ కొట్టారు, జనం బారులు తీరారు. 1958లో క్రిస్టఫర్ లీతో 'డ్రాక్యులా' వస్తే అదే కథ. పత్రికలు తిట్టినా ఆ చిత్రాలని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తిట్లే ప్రకటనలుగా పనిచేశాయి. ఎందుకని? డ్రాక్యులా ఉండేది ఎక్కడో ట్రాన్సిల్వేనియాలో. వెనకటి శతాబ్దం దుస్తులు, కోట, కోరలు. ఆట అయ్యాక కోటు దులుపుకుని బస్సెక్కితే డ్రాక్యులా వెనక రాడు. దూరం భద్రంగా ఉంది, అంచేత రసమూ భద్రంగా ఉంది.

అదే 1960లో హిచ్‌కాక్ 'సైకో' వచ్చింది. అక్కడా హంతకుడు మెత్తటి కుర్రవాడే, అక్కడా దొంగచూపు ఉంది. కాని హిచ్‌కాక్ లౌక్యం తెలిసినవాడు. విమర్శకులకి ముందుగా ఆట వెయ్యకుండా వాళ్ళని కూడా జనం మధ్యనే కూర్చోబెట్టాడు. చిత్రంలో హంతకుడెవరో చివరిదాకా దాచాడు. ఆఖర్న ఒక మానసిక వైద్యుణ్ణి తెచ్చి అంతా విడమర్చి చెప్పించి, మనల్ని ఇంటికి పంపించాడు.

పావెల్ ఈ మర్యాదలేవీ పాటించలేదు. మొదటి దృశ్యంలోనే మన కంటిని హంతకుడి కెమెరాకి అతికించాడు. వీధిలో నిలబడ్డ స్త్రీ వెనకాల నడిచేది మనమే, మెట్లెక్కేది మనమే. హత్య అయీ అవగానే మార్క్ తన గదిలో ఆ ఫిలిం వేసుకుని చూస్తుంటాడు. ఆ బొమ్మల మీదనే పేర్లు పడతాయి. అంటే, 'అతను చేస్తున్న పనీ, నువ్విక్కడ టిక్కెట్టు కొని చేస్తున్న పనీ ఒకటే' అని మొదటి అయిదు నిమిషాల్లోనే మొహం మీద చెప్పేశాడు. పైగా ఆ హంతకుడి మీద జాలి కూడా పుట్టించాడు. 'ది రెడ్ షూస్'లో దేశమంతా అభిమానించిన మోయిరా షీరర్‌ని ఇక్కడ తెచ్చి అతని చేతికి బలి ఇచ్చాడు. ప్రేక్షకుడు దాక్కోటానికి మూల అనేది మిగల్లేదు.

చిత్రం మొత్తంలో మార్క్‌ని ఉన్నదున్నట్టు పోల్చుకున్నది ఎవరో తెలుసా? కింది వాటాలో అద్దెకున్న గుడ్డి తల్లి! ఆవిడ కూతురు హెలెన్‌కి మార్క్ మీద మనసుంది. కూతురికి కళ్ళున్నాయి గాని కనపడదు. తల్లికి అడుగుల చప్పుడు చాలు. టామ్ కథలో చూసినవాడు గుడ్డివాడయ్యాడు. ఇక్కడ చూపు లేని మనిషే అసలు చూసింది.

ఫలితం ఏమిటి? తిట్లు చూసి పంపిణీదారులు చిత్రాన్ని త్వరగానే వెనక్కి తీసుకున్నారు. దీన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, ఆనాటి 'ప్రేక్షకుల స్పందన' అని మనం చెప్పుకునేది నిజానికి కొద్దిమంది విమర్శకుల స్పందన. హామర్ చిత్రాల విషయంలో జనం విమర్శకుల మీద అప్పీలు చేసుకుని గెలిచారు. ఇక్కడ అప్పీలుకి అవకాశమే ఇవ్వలేదు. పావెల్ ఈ ఒక్క చిత్రంతోనే నాశనమైపోయాడనటం కొంత అతిశయోక్తి కావచ్చు. 1961లో మరొక చిత్రం తీశాడు. 1966లోనూ, 1969లోనూ ఆస్ట్రేలియా వెళ్ళి రెండు తీశాడు. కాని ఇంట్లో ఆయనకున్న పరపతి మాత్రం మళ్ళీ రాలేదు.

రెండో తీర్పు అట్లాంటిక్ అవతలనుంచి వచ్చింది. కత్తిరించిన ప్రతులు అమెరికాలో ఏవో చిన్న హాళ్ళలో ఆడుతూ ఉంటే సినిమా విద్యార్థులు వెతుక్కుని చూశారు. వాళ్ళలో మార్టిన్ స్కోర్సేసీ ఒకడు. ఆయన పూనికతో 1979లో న్యూయార్క్ చలనచిత్రోత్సవంలో చిత్రం పూర్తి రూపంలో మళ్ళీ వెలుగు చూసింది. 1994లో డిలిస్ పావెల్ అదే 'సండే టైమ్స్'లో, తన మొదటి తీర్పుని వెనక్కి తీసుకుంటూ మళ్ళీ రాసింది. 34 ఏళ్ళ తరవాత, ముదిమి వయస్సులో, ఇలా రాయటానికి గుండె ఉండాలి. 1999లో బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ ఎంపిక చేసిన వంద బ్రిటిష్ చిత్రాల్లో 'పీపింగ్ టామ్' చోటు చేసుకుంది. దర్శకుడు మాత్రం అప్పటికి లేడు. 1990లోనే పోయాడు.

అయితే మొదటివాళ్ళందరూ మూర్ఖులు, తరవాతివాళ్ళందరూ జ్ఞానులు అని తేల్చెయ్యటానికి నాకు మనసొప్పదు. ఆడవాళ్ళు భయంతో చచ్చిపోవటాన్ని కెమెరా కంటితో చూపిస్తే కడుపులో దేవటం ఆరోగ్య లక్షణమే. లారా మల్వీ 1975లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, సినిమాలో చూసేవాడు మగవాడుగానూ చూడబడేది ఆడదిగానూ ఎలా ఏర్పడ్డారో వివరించింది. దాని వెలుగులో చూస్తే 1960 విమర్శకులకి కలిగిన రోత నిజమైనదే. వాళ్ళు చేసిన పొరపాటల్లా ఒక్కటి: ఆ రోత తెరమీది వస్తువులో ఉందనుకున్నారు గాని, తాము కూర్చున్న కుర్చీలో కూడా ఉందని ఒప్పుకోలేదు. అద్దం చూసి 'ఎంత అనాకారి అద్దమో' అన్నట్టయింది.

ఈ అరవై ఏళ్ళ కిందటి గొడవ మనకెందుకు అని అడగవచ్చు. రోడ్డు మీద బండి ప్రమాదం జరిగితే, పడ్డవాణ్ణి లేపటానికి ముందు జేబులోంచి సెల్‌ఫోన్ తీసేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? ఏడుస్తున్న తోటి విద్యార్థిని ఫోనుతో తీసి గ్రూపులో పెట్టేవాళ్ళు లేరా? అది నలుగురికీ పంపేవాళ్ళూ, పంపకపోయినా రెండుసార్లు చూసేవాళ్ళూ లేరా? మార్క్ లూయిస్ దగ్గరున్న కెమెరా ఆ రోజుల్లో లండన్‌లో కొద్దిమందికే ఉండేది. ఇవాళ మా హాస్టల్లో ప్రతి దిండు కింద ఒకటుంది.

అంచేత మిత్రులకి నా మనవి ఒక్కటే. ఏ చిత్రమన్నా మిమ్మల్ని కుర్చీలోంచి లేపేసి బయటికి పంపిస్తే, పంపించనివ్వండి. అది మీ హక్కు. కాని మెట్లు దిగేటప్పుడు ఒక్క క్షణం ఆగి అడగండి: ఇది చెడ్డ చిత్రం కాబట్టి లేచానా, లేక నన్ను చూసేసింది కాబట్టి లేచానా? మొదటిదైతే నిక్షేపంగా తిట్టండి. రెండోదైతే తిట్టు రాసే ముందు ఇంకోసారి చూడండి. రెండో తీర్పు వచ్చేదాకా మనిషి బతికుంటాడన్న హామీ ఎవరికీ లేదు.